చందా రసీదు నుండి చేతి ఫోను దాకా

సంఘం సావనీరు చేతికందగానే మనలో చాలామంది ముందు తిరగేసేది వ్యాసాలు కాదు, ప్రకటనలు. ఎరువుల కొట్టువారు, బట్టల దుకాణం వారు, మిర్చి కమీషన్ వ్యాపారులు, మందుల షాపువారు "శుభాకాంక్షలతో" అని వేయించిన పేజీలు చూసి, ఫలానావారు ఈసారి అర పేజీయే ఇచ్చారే అనుకోవడం మామూలే. ఇందులో తప్పేమీ లేదు. అర పేజీ ప్రకటన వలన పురుగుమందు డబ్బా ఒక్కటైనా ఎక్కువ అమ్ముడుపోదని ఆ వ్యాపారికీ తెలుసు. ఆయన కొనుక్కున్నది కాగితం కాదు, మన నడుమ ఒక చోటు. నేడు పెద్ద కంపెనీలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో బోలెడు సొమ్ము పోసి చేయిస్తున్న పనికి కూడ మూలం ఇదే. సరుకు గొప్ప చెప్పుకోవడం కంటె జనం చేత ఏదో ఒకటి చేయించడం, మావాళ్లే అనిపించుకోవడం. ఈ తీరు ఎట్లా పెరిగి మన పొదిలి దాకా వచ్చిందో, అందులో మన జమాత్‌కు సంబంధించినదేమిటో ఈ వ్యాసంలో విన్నవించుకొంటున్నాము.

జనాన్ని కలుపుకొనే విద్య కంపెనీలు కనిపెట్టినది కాదు. అంతకు ముందే అది మన పెద్దలకు తెలుసు. 1866లో దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూమ్ మొదలైనప్పుడు మౌలానా ముహమ్మద్ ఖాసిం నానౌతవీ గారు దాని నడకకు ఎనిమిది సూత్రాలు రాసి పెట్టారు. సర్కారు పాలు, ధనవంతుల పాలు అందులో ఎక్కువైతే నష్టమనీ, సామాన్యుల చందాల మీదనే మదర్సా నడవాలనీ వాటి సారాంశం. పేరు కోసం చూడకుండా ఇచ్చేవారి చందాలోనే బర్కత్ ఉందన్నది ఆ సూత్రాలలో ఒకటి. ప్రకటన పేజీల లెక్క వేసుకొనే మా బోటివారు ఆ మాట అప్పుడప్పుడు తలచుకోవడం మంచిదే! అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన వేసి, వారానికొకసారి మస్జిద్‌కో మదర్సాకో పంపే అలవాటు కూడ ఈ కోవలోదే. పిడికెడు బియ్యం విలువ ఎంత? కాని ఆ ఇంటి ఇల్లాలు రోజూ మదర్సాను తలుచుకొనేది. చందా లాభం సగం అక్కడే ఉంది.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారిది మరొక మార్గం. 1875లో అలీగఢ్‌లో బడి, 1877లో కాలేజీ పునాది. ఆ సొమ్ము కోసం ఆయన లాటరీ టిక్కెట్లు అమ్మించారు, ఎగ్జిబిషన్‌లో స్వయంగా స్టేజి ఎక్కారు, హైదరాబాదు దాకా వచ్చి అర్థించారు. పరువుగల పెద్దమనిషి స్టేజి ఎక్కడమేమిటని ముక్కున వేలేసుకొన్నవారు లేకపోలేదు. దేవ్‌బంద్ వారిది గుప్తదానపు బాట, అలీగఢ్ వారిది తమాషా చూపి చెయ్యి చాపే బాట. ఈనాటికీ ఈ రెండు బాటలే ఉన్నాయి. సాధనాలు మారాయంతే.

ఇక వ్యాపారుల సంగతి. మన తెలుగువారిలో ఈ కిటుకు బాగా ఎరిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ఆ లాభాలతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా తెచ్చారు. మందు సీసాకూ పత్రికకూ ఏమి సంబంధమని అడిగేవారికి జవాబు ఇది: తలనొప్పి అందరికీ వస్తుంది, కాని ఒక జాతి తన భాషలో మాట్లాడుకొనే చోటు చూపినవానిని తలనొప్పి తగ్గాక కూడ మరిచిపోరు.

హైదరాబాదులో 1920లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ సీసా మన ఇళ్లలో తెలియనివారుండరు. సీసా మీది బొమ్మ నిజాం సైన్యంలోని హబ్షీ సిపాయిది. పొట్టనొప్పికి రెండు చుక్కలు, జలుబుకు వేడినీళ్లలో రెండు చుక్కలు. ఈ వైద్యం డాక్టరు చెప్పి మనకు తెలియలేదు, నానీ, దాదీ చెప్పగా తెలిసింది. నూరేళ్లు దాటిన ఆ మందుకు అసలు ప్రచారకులు ఆ ముసలమ్మలే. జీతం లేదు, కమీషన్ లేదు. నేటి కంపెనీలు "మీ అనుభవం పదిమందితో పంచుకోండి" అని బతిమాలుతున్నది ఇటువంటి మనుషుల కోసమే.

అయితే జనం ఊరికే వినడం కాక తిరిగి జవాబు చెప్పడం, ఆ జవాబుతోనే కార్యక్రమం నడవడం అనే ముచ్చట రేడియోతో వచ్చింది. దీని గురించి కొంచెం విపులంగా చెప్పుకోవాలి. 1952 ప్రాంతంలో కేంద్ర సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ గారి ధోరణి వలన ఆకాశవాణిలో సినిమా పాటలు మూతపడ్డాయి. జనం రేడియో ముల్లు సిలోను వైపు తిప్పారు. అదే ఏడు డిసెంబరులో బినాకా టూత్‌పేస్ట్ కంపెనీ సొమ్ముతో రేడియో సిలోనులో గీత్‌మాలా మొదలైంది. చదివినవారు ఇరవయ్యేళ్ల కుర్రవాడు అమీన్ సయానీ. మొదట అది పాటల పోటీ. ఏడు పాటలు వేసేవారు. వాటిని అవి వచ్చిన కాలం వరుసలో పేర్చి ఉత్తరం రాయాలి. బహుమతి 100 రూపాయలు. ఏ ఇరవయ్యో ముప్పయ్యో ఉత్తరాలు రాకపోతాయా అనుకొన్న చోట మొదటిసారికే 9,000 వచ్చాయి. పోను పోను వారానికి 65,000 దాకా పోయింది. ఆ ఉత్తరాలన్నీ విప్పి చూడటం ఎవరివల్లనవుతుంది? చివరకు 1954 నుండి పోటీ మానేసి, పాటలను మెట్ల వరుసలో నిలబెట్టే పద్ధతి పెట్టారు.

మొదట రికార్డుల అమ్మకాన్ని బట్టి మెట్టు నిర్ణయించేవారు. అమ్మకం లెక్కలను తమవైపు తిప్పుకోవాలని చూసేవారు ఎప్పుడూ ఉంటారు గదా, అందుకని శ్రోతల సంఘాల అభిప్రాయం కూడ కలిపారు. ఊళ్లలో కుర్రవాళ్లు పదిమంది చేరి రేడియో క్లబ్బు అని పేరు పెట్టుకొని ప్రతివారం కార్డు రాసేవారు. తమ ఊరి పేరు గాలిలో వినపడితే ఆ సంబరం చెప్పనలవి కాదు. మన తెలుగువారికి కూడ సిలోనులో వేరే పాటల సమయం ఉండేది. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గుర్తున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. టూత్‌పేస్ట్ కొన్నా కొనకపోయినా కార్డు రాసినవాడు ఆ కార్యక్రమం తనదే అనుకొన్నాడు. కార్డుకు ఖర్చు తనదే, కష్టం తనదే, లాభం కంపెనీది! అయినా ఎవరికీ మోసపోయామనిపించలేదు. ఎందుకంటే ప్రతిఫలంగా ఒక ఆత్మీయుని పలకరింపు దొరికింది.

అమీన్ సయానీ గారికి ఆ పలకరింపు ఎక్కడ అబ్బిందో చెప్పకపోతే ఈ కథకు న్యాయం జరగదు. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ గారు కొత్తగా అక్షరాలు నేర్చిన వయోజనుల కోసం "రహబర్" అనే పక్షపత్రిక నడిపారు. ఒకే తేలిక హిందుస్తానీని నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులలో అచ్చువేసేవారు. కుర్రవాడుగా అమీన్ ఆ పనిలో చెయ్యి వేశారు. కష్టమైన మాట తీసేసి బజారు మాట పెట్టడం అక్కడ నేర్చుకొన్నదే. 2024 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినప్పుడు పత్రికలు బినాకాను తలచుకొన్నాయి. మేమైతే ఆ తల్లి పత్రికను తలచుకొన్నాము.

పత్రికల వంతు కూడ ఒక మాట. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఈనాడు పత్రిక పాఠకులను సాయం అడిగింది. ఆ సొమ్ముతో రామకృష్ణ మిషన్ వారి చేత పాలకాయతిప్పలో ఇళ్లు కట్టించారు. ఎక్కడో కూర్చుని పేపరు చదివేవాడు మనియార్డరు పంపి ఒక ఇంటి గోడలో ఇటుక అయ్యాడు. పత్రికకు పేరు వచ్చింది, నిజమే. ఇళ్లు కూడ వచ్చాయి.

తరువాత సెల్‌ఫోను. మనవాళ్లు కనిపెట్టిన మిస్డ్ కాల్ అనే చవక భాషను కంపెనీలు వెంటనే పసిగట్టాయి. 2013 ప్రాంతంలో హిందుస్తాన్ యూనిలీవర్ వారు బీహారు, జార్ఖండ్ పల్లెలలో "కాన్ ఖజూరా" అని ఒక నంబరు పెట్టారు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వచ్చి 15 నిమిషాలు పాటలు, హాస్యం, నడుమ సబ్బుల ప్రకటనలు వినిపించేది. కరెంటు సరిగా లేని ఊళ్లలో అదే రేడియో. బినాకా తమ్ముడే అనుకోండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చవక అయ్యాక మిస్డ్ కాల్‌తో కూడ పని లేకపోయింది. పొలం గట్టు మీద వీడియో, మిరప కల్లంలో వీడియో.

మన పొదిలి 1970లో కొత్త జిల్లాలో చేరేదాకా నెల్లూరు జిల్లాలోది. కాగితం పని పడితే నెల్లూరు పోవాల్సి వచ్చిన రోజులు పెద్దలకు తెలుసు. ఇప్పుడు 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోనే పెట్టింది. గుంటూరు యార్డులో మిర్చి ధర, పొగాకు వేలంలో ఆనాటి రేటు ఇంట్లో కూర్చుని తెలుసుకొంటున్నాము. విత్తనాల కంపెనీ జీపు మైకుతో వచ్చి కరపత్రాలు పంచిపోయే కాలం పోయి, రైతు పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, ఏ పంట అని అడిగి గ్రూపులో చేర్చుకొనే కాలం వచ్చింది. ఇక్కడే మాకు కొంచెం జంకు. బినాకా వారికి కార్డు రాసినవాడు తన ఊరు, పేరు, ఇష్టమైన పాట మాత్రమే చెప్పాడు. నేడు గ్రూపులో చేరినవాడు తనకు తెలియకుండానే బోలెడు చెబుతున్నాడు. ఆ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి పోతుంది అన్నది అడిగేవారు తక్కువ. మన సంఘం వారు చందాదారుల పట్టీ రాసుకొంటే అది కార్యదర్శి గారి బీరువాలో ఉంటుంది, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. రెంటికీ అదే తేడా.

ఇట్లా అన్నామని నెట్టు అంతా కంపెనీల సొత్తు అనుకోరాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. బహుమతి లేదు, వ్యాసం పైన పేరు కూడ ఉండదు. ఖాసిం నానౌతవీ గారు చెప్పిన చందా లాంటిదన్నమాట. అటువంటి పనితోనే వ్యాసాలు లక్ష దాటాయి. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్ర మీద ఏళ్ల తరబడి శ్రమించిన సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి పుస్తకాలు దాని సోదర సంస్థ వికీసోర్స్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. మన పిల్లలకు రోజుకు వంద ఫార్వర్డులు చూసే తీరిక ఉంది. ఇవి చూసే తీరిక కూడ దొరకాలని మా కోరిక.

ఇక మనందరినీ కదిలించిన ఉదంతం. 2024 ఆగస్టు 8న లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లు పెట్టారు. అది జగదంబికా పాల్ గారి అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. ప్రజల అభిప్రాయాలు అడిగారు. ముస్లిం పర్సనల్ లా బోర్డు వారు ఈమెయిలు పంపేందుకు క్యూఆర్ కోడ్ తయారుచేసి దేశమంతా పంచారు. బిల్లును సమర్థించేవారు కూడ తమవాళ్ల చేత పంపించారు. సంఘం లెక్క ప్రకారం అందిన విన్నపాలు 97,27,772. బినాకా వారానికి 65,000 ఉత్తరాలకే చేతులెత్తేసింది! ఇన్ని లక్షలు చదివేదెవరు? ఒకే నమూనా వేలసార్లు వస్తే, చదివేవాడికి అది ఒక ఉత్తరమే అవుతుంది. 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఉభయ సభలలో బిల్లు నెగ్గి, 5న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఆ చట్టంలోని కొన్ని అంశాలను సుప్రీంకోర్టు సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపింది. చట్టం మంచిచెడ్డలు చర్చించేందుకు ఇది వేదిక కాదు. మేము చెప్పవచ్చేది వేరు: స్కాన్ చేసి బటన్ నొక్కడం ఒక నిమిషం పని, దాని తరువాత వచ్చినది ఒక నిమిషం పని కాదు.

2025 జూన్ 6న కేంద్రం "ఉమీద్" పోర్టల్ తెరిచింది. దేశంలోని వక్ఫ్ ఆస్తులన్నీ ఆరు నెలలలో అందులో ఎక్కించాలన్నారు. ముతవల్లీ నింపాలి, వక్ఫ్ బోర్డు పరిశీలించాలి, ఆపైన ఆమోదం. డిసెంబరు 6న గడువు ముగిసేసరికి 5,17,040 ఆస్తుల వివరాలు మొదలుపెట్టగా, ఆమోదం పొందినవి 2,16,905. గడువు పొడిగించమంటే సుప్రీంకోర్టు ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. లక్షల ఈమెయిళ్లు పంపగలిగిన జనం ఇక్కడ ఎందుకు వెనుకబడ్డారు? సర్వరు నెమ్మది అన్నమాట నిజమే. అదొక్కటే కాదు. ఖబరస్తాన్ హద్దు ఏ వేపచెట్టు దాకా అన్నది, మస్జిద్ మాన్యం ఏ సర్వే నంబరు అన్నది, ఎవరి ట్రంకుపెట్టెలో ఏ కాగితం ఉన్నదన్నది ఫోనుకు తెలియదు. అది తెలిసిన డెబ్భై ఏళ్ల చాచా దగ్గర స్మార్ట్‌ఫోను లేదు. ఉన్న కుర్రవాడికి చాచాతో కూర్చునే తీరిక లేదు. చాలా ఇళ్లలో ఫోను మగవారి జేబులోనే ఉండటం వలన ఆడవారికి తెలిసిన సంగతులు గ్రూపు దాకా రానే రావు. ఫలానావారి నానీ ఇచ్చిన స్థలం అని నోటి మాటగా చెప్పగలిగేది ఆడవారే.

కనుక సభ్యులకు మా విన్నపం. మీ ఇళ్లలో మస్జిద్, ఈద్గా, ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్‌లకు సంబంధించిన పాత రసీదులు, శిస్తు కాగితాలు, ఫొటోలు ఏవి ఉన్నా సంఘం వారికి చూపండి. కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, ఫొటో తీసుకొంటే చాలు. కాగితం లేనివారు జుమా నమాజ్ తరువాత వచ్చి చెబితే పుస్తకంలో రాసుకొంటారు. ఆడవారు చెప్పదలిస్తే సంఘంలోని సోదరీమణులు ఇంటికే వస్తారు. చెప్పినవారి పేరు, తేదీ రాసి, చదివి వినిపించిన తరువాతనే సంతకమో వేలిముద్రో తీసుకొంటారు.