తోబిహినో పచ్చికబయలు: స్థలనామం, మేత, చరిత్ర

జపాన్‌లోని నారా నగరంలో కసుగ తైషా అనే షింటో ఆలయానికి వెళ్లే దారి పక్కన తోబిహినో పచ్చికబయలు ఉంది. సందర్శకులకు అక్కడ కనిపించేవి గడ్డి, కొన్ని చెట్లు, మేస్తున్న జింకలు. ప్రాచీన కట్టడాలే చరిత్రకు ఆధారాలనుకుంటే ఈ నేల ఖాళీ స్థలమే. స్థలనామాన్ని, గడ్డిని కూడా ఆధారాలుగా స్వీకరిస్తే ఈ బయలు పదమూడు శతాబ్దాల చరిత్రకు సాక్ష్యం.

మొదటి ఆధారం పేరు. 'తోబుహి' అనగా ఎగిరే నిప్పు, అంటే ప్రమాదసూచకంగా వెలిగించే సంకేతాగ్ని. క్రీ.శ. 663లో హకుసుకినోయె యుద్ధంలో ఓడిన జపాన్, దండయాత్ర భయంతో మరుసటి ఏడాదే త్సుషిమా, ఇకి దీవులలోను, త్సుకుషిలోను సంకేతాగ్ని కేంద్రాలను నెలకొల్పింది. 710లో రాజధాని నేటి నారాకు మారింది. 712లో కసుగలోను అటువంటి కేంద్రం ఏర్పడినట్లు 'షోకు నిహోంగి' నమోదు చేసింది. 10వ శతాబ్ది ఆరంభంలో వెలువడిన 'కొకిన్‌షూ' కవితాసంకలనం నాటికి ఇదే నేల వసంతారంభాన లేత ఆకుకూరలు ఏరుకొనే చోటుగా మారింది. యుద్ధభయం తొలగినా పేరు మిగిలింది.

రెండవ ఆధారం గడ్డి. సంప్రదాయం ప్రకారం 768లో కసుగ ఆలయం వెలసింది. తకెమికజుచి దేవుడు కషిమా నుండి తెల్లజింకపై వచ్చాడన్న విశ్వాసం వల్ల జింకలు దైవదూతలుగా రక్షణ పొందాయి. అవి మేయడం వల్లనే 'నోషిబా' అనే స్థానిక గడ్డి పొట్టిగా, దట్టంగా ఉంటుంది. దాని గింజలు జింకల పేడ ద్వారా వ్యాపిస్తాయి. ఆ పేడను పేడపురుగులు మట్టిలో కలుపుతాయి. ఆలయం వెనుక కసుగ కొండపై 841లో వేట, చెట్ల నరికివేత నిషిద్ధమయ్యాయి. కొండపై అడవిని నిలిపినది నిషేధం. దిగువన పచ్చికను నిలిపినది మేత. రెండింటికీ మూలం ఒకే ఆలయవ్యవస్థ.

ఈ సమతౌల్యం శాశ్వతమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి, 1945లో, నారా జింకలు 79కి తగ్గాయి. ఆపై రక్షణచర్యలతో వాటి సంఖ్య పెరిగింది. 1957లో అవి జాతీయ సహజసంపదగా గుర్తింపు పొందాయి. నేడు వెయ్యికి పైగా ఉన్నాయి.

కాబట్టి తోబిహినోను కేవలం ప్రకృతిదృశ్యంగా పరిగణించడం అసంపూర్ణం. కట్టడాన్ని మరమ్మతు చేసి కాపాడవచ్చు. పచ్చికబయలు నిలవాలంటే దానిని సృష్టించిన మేత, ఆ మేతను అనుమతించిన ఆచారం కొనసాగాలి. వారసత్వ పరిరక్షణ చర్చలో ఈ భేదం విస్మరించరానిది.