ఇటుకల వీథి మలుపున ఒక మందిరము

లండను నగరపు పురాతనమైన కోటగోడకు తూర్పున, స్పిటల్‌ఫీల్డ్స్ అను పేటలో, ఒకప్పుడు అచ్చట ఇటుకలు కాల్చిన ఆవములను బట్టి బ్రిక్ లేన్ అని పేరుపడిన సన్నని వీథి కలదు. ఆ వీథిలో ఫోర్నియర్ వీథి వచ్చి కలియు మలుపున, గోపురము గాని, విగ్రహము గాని, కన్నులు చెదరగొట్టు శిల్పము గాని లేక, పెద్ద ధాన్యపుకొట్టువలె నిరాడంబరముగా ఒక ఇటుకకట్టడము నిలిచియున్నది. ఫ్రాన్సు దేశమునుండి వెడలివచ్చిన ప్రొటెస్టంటులు 1743లో దీనిని తమ ప్రార్థనాలయముగా కట్టుకొనిరి. 1809లో యూదులను క్రైస్తవమతములోనికి త్రిప్పబూనిన ఒక సంఘము దీనిని పుచ్చుకొనెను. పదేండ్లకు, 1819లో, మెథడిస్టులు ప్రవేశించిరి. 1898లో, విధి ఎంత పరిహాసప్రియయో చూడుడు, ఆ యూదులే దీనిని తమ సినగోగు గావించుకొనిరి. 1976లో ఇది బంగాళీ ముసల్మానుల జామే మసీదైనది.

ఐరోపాఖండమున నేడు బహుసంస్కృతివాదమను మాటకు మంచిరోజులు లేవు. 2010 అక్టోబరులో జర్మనీ ఛాన్సలరు ఆంగెలా మెర్కెల్ అది పూర్తిగా విఫలమైనదని ప్రకటించెను. నాలుగు మాసములు గడచులోపుననే బ్రిటిషు ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ మ్యూనిక్ నగరమున ఇంచుమించు అదే రాగమును అందుకొనెను. ఇద్దరును దానిని ఒక ప్రభుత్వవిధానముగా, నిన్నమొన్నటి తరము చేసిన ప్రయోగముగా ఎంచి మాటలాడిరి. అట్టి మాటలు వినునప్పుడెల్ల నాకీ మందిరము జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట భిన్నజాతులు ప్రక్కప్రక్కన కాపురముండవలెనని మూడువందల ఏండ్లలో ఏ ప్రభుత్వమును పథకము వేసినది కాదు. ఇంటి అద్దె చవుకగుటయు, చేతికి గుడ్డపని దొరకుటయు, ఓడరేవు దగ్గరగుటయు ఆ కార్యమును నిర్వహించినవి.

1598లో నాలుగవ హెన్రీ తన రాజ్యములోని ప్రొటెస్టంటులకు నాంట్ నగరమున ఇచ్చిన అభయశాసనమును, ఆయన మనుమడగు పదునాలుగవ లూయీ 1685లో రద్దుచేసెను. హ్యూగెనోలని పేరుబడిన ఆ ప్రజలు లక్షలకొలదిగ దేశము విడిచిరి. వారిలో సుమారు ఏబదివేలమంది ఇంగ్లండు చేరిరి. రెఫ్యూజీ అను మాట ఇంగ్లీషు భాషలోనికి వారి మూటాముల్లెతోపాటే దిగినది. లండను నగరమున వృత్తిసంఘముల కట్టుబాట్లు కఠినములు గనుక, గోడకు వెలుపల, అవి కొంత సడలియున్న స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టుమగ్గములు నాటుకొనిరి. ఫోర్నియర్ వీథియిండ్ల పైయంతస్తులలో గోడ పొడవునను సాగిన విశాలమైన కిటికీలు నేటికిని కానవచ్చును. అవి అందమునకై పెట్టినవి కావు, సన్నని పట్టుపోగు తెగినప్పుడు కంటికి కనబడవలెనని వెలుతురుకొరకు పెట్టినవి. మగ్గపుచప్పుడు నడుమ పంజరములలో పిట్టలను పెంచి పాడించుట ఆ నేతగాండ్రకు ప్రియమైన వ్యసనము.

ఫ్రెంచి సొగసని ఇంగ్లండు ప్రభువర్గము మురిసి ధరించిన ఆ పట్టులోని నమూనాలను వందలకొలది చిత్రించినది మాత్రము ఫ్రెంచివారు కారు. లీసెస్టరుషైరులో ఒక ఇంగ్లీషు పాదరీ యింట 1688లో జన్మించిన ఆనా మరియా గార్త్‌వెయిట్, అవివాహితగా, నలుబది యేండ్ల ప్రాయమున ఈ పేటకు వచ్చి, పువ్వులను తీవెలను గీసి నేతగాండ్రకు ఇచ్చుచుండెను. ఆమె చిత్రములు నేడు విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలయందు భద్రముగా ఉన్నవి. ఒక జాతి సంస్కృతి ఇది, మరియొక జాతి సంస్కృతి అది అని గిరిగీసి చూపువారు ఆ పట్టుముక్కను ఏ గదిలో పెట్టుదురో నాకు తెలియదు.

మన తెలుగుతీరమునకును ఈ పేటకును ఒక పాత తగవు కలదు. 1611లో మచిలీపట్నమున కొఠీ తెరచిన ఈస్టిండియా కంపెనీ, కోరమండల తీరపు కలంకారీలను, చీటిగుడ్డలను ఓడలకెత్తగా, లండను స్త్రీలు పట్టును మరచి తేలికయు, ఉతికినను రంగు వీడనిదియునగు ఈ గుడ్డకు మరులుకొనిరి. పట్టువారి మొరపై, 1700లో రంగుటద్దకపు గుడ్డల దిగుమతి నిషేధింపబడెను. వర్తకులు తెల్లగుడ్డను తెప్పించి లండనులోనే అద్దింప మొదలిడిరి. 1719 వేసవిలో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాండ్రు గుంపులుగా బయలుదేరి, త్రోవను పోవు స్త్రీల ఒంటిమీది చీటిగౌనులను చింపివైచిరి. కొందరు సిరా చల్లిరి. 1721లో పార్లమెంటు ఆ గుడ్డ ధరించుటయే నేరమని శాసించెను. ఒక్క తరము వెనుక పరదేశులను అక్కున చేర్చుకొన్న పేట, పరదేశపు గుడ్డను ఓర్వలేకపోయినది. మన అద్దకపువారి మగ్గములకును, వర్ణపుతొట్లకును ఈ అల్లరి సెగ ఎంత తగిలెనో ఆ అల్లరిమూకకు పట్టినది కాదు. నేతగాండ్ర ఆకలి అబద్ధమని కూడ నేను చెప్పబోను.

ఆ శాసనమును వారి పట్టును చిరకాలము కాపాడలేదు. కూలిధరలను నిర్ణయించుటకు 1773లో ఏర్పడిన చట్టము 1824లో తొలగెను. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన వాణిజ్యపుటొడంబడికవలన ఫ్రెంచిపట్టు సుంకము లేక వచ్చిపడి మిగిలిన మగ్గములను మూలపడవైచినది. ఫ్రాన్సు తరిమిన జనుల వృత్తిని ఫ్రాన్సు సరకే అంతమొందించెను. అప్పటికి హ్యూగెనోల మనుమలు ఇంగ్లీషువారిలో కలిసిపోయిరి, పేర్లు మార్చుకొనిరి, ఫ్రెంచిలో ప్రసంగము వినువారు కరువై మందిరమును వదలుకొనియుండిరి.

ఖాళీ అయిన గదులలోనికి 1881 తరువాత యూదులు వచ్చిరి. ఆ యేట రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యయైన పిమ్మట ఆ సామ్రాజ్యమున చెలరేగిన దొమ్మీలకు, దారిద్ర్యమునకు జడిసి లక్షకు పైగా యూదులు బ్రిటనున స్థిరపడిరి. పట్టు పోయినచోట కుట్టు వచ్చినది: గాలి చొరని గదులలో, దీపపువెలుతురున, దినమునకు పదునాలుగేసి గంటలు కోట్లు, షరాయిలు కుట్టిరి. ఆశ్చర్యకరమైన విషయమేమన, వారిని చూచి ముందుగా ముఖము చిట్లించినవారిలో, అంతకుమున్నే లండనున స్థిరపడి ధనికులైన యూదులును ఉండిరి. యిడ్డిషు మాటలాడుచు, గడ్డములు పెంచి, వీథిలో గొంతెత్తి బేరమాడు ఈ బంధువులవలన తమ పరువు పోవునేమోయని వారి భయము. కొత్తవారికి పాతవారి ఆచారనిష్ఠయే చాలినది కాదు. మాంసశుద్ధి విషయమున ప్రధాన రబ్బీతో కలహించి వేరుపడిన మాఖ్జికే హదత్ అను ఛాందస సంఘమే ఈ ఇటుకమందిరమును సినగోగు గావించినది. బయటివారికి యూదులనగా ఒక్క ముద్ద. లోపల చూచినచో ముగ్గురు యూదులకు మూడు మడులు. ఈ పేటలోని యూదుల ఉచిత పాఠశాలలో చదివి, అచ్చటనే ఉపాధ్యాయుడై, ఈ జీవనమును తన నవలలో చిత్రించిన ఇజ్రాయెల్ జాంగ్‌విల్, 1908లో ‘మెల్టింగ్ పాట్’ అను నాటకమును రచించెను. జాతులన్నియు ఒక్క మూసలో కరగి ఏకమగునను ఆ ఉపమానమును అమెరికా తనదిగా చేసికొన్నది; దానిని ప్రచారమునకు తెచ్చినవాడు, ఏదియు పూర్తిగా కరగని ఈ లండను పేట బిడ్డ.

1905లో, ముఖ్యముగా ఈ యూదుల రాకను అరికట్టుటకే, పరదేశీయుల చట్టము పుట్టినది. 1936 అక్టోబరు 4వ తేదీన ఫాసిస్టుల నాయకుడు ఆజ్వల్డ్ మోస్లీ తన నల్లచొక్కాల దండును తూర్పు లండను వీథులలో నడిపింపబూనగా, కేబుల్ వీథిలో యూదులు, ఐరిషు ఓడకూలీలు, కమ్యూనిస్టులు ఏకమై బండ్లను పడద్రోసి దారి కట్టి, ఆ యాత్రను సాగనీయకపోయిరి. అటుపిమ్మట యూదులను ఎవరును వెళ్లగొట్టనక్కరలేకపోయినది. పిల్లలు చదువుకొని, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే, గోల్డర్స్ గ్రీన్, స్టామ్‌ఫర్డ్ హిల్ మొదలగు ఉత్తరపు పేటలకు తరలిపోయిరి.

అప్పటికే నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతపు లస్కరులు, అనగా ఆవియోడల కొలిమిలో బొగ్గు వేయు నావికులు, రేవున దిగి ఇచ్చట ఒకరికొకరు చోటిచ్చుకొనుచుండిరి. వారి వెనుక అన్నదమ్ములు, 1970 ప్రాంతములలో భార్యాబిడ్డలు వచ్చిరి. యూదుల కుట్టుగదులే, ఆ యంత్రములే, ఇప్పుడు తోలుకోట్లు కుట్టినవి. 1978 మే 4వ తేదీ సాయంకాలము, పనినుండి మరలుచున్న అల్తాబ్ అలీ అను యువకుడగు కుట్టుపనివాడు సమీపములోనే పొడిచి చంపబడెను. పది దినములకు, అతని శవపేటిక వెంట సుమారు ఏడువేలమంది ప్రధానమంత్రి నివాసమువరకు నడచిరి. ఆ హత్య జరిగినచోటి ఉద్యానమునకు 1998లో అతని పేరు పెట్టిరి. మోస్లీ కాలమున యూదులనుగూర్చి గోడలపై వ్రాసిన దుర్భాషలే, కర్తృపదము మార్చి, బంగాళీలనుగూర్చి వ్రాయబడినవి.

ఒక్క కట్టడము ఇన్ని మతములకు ఎట్లు ఒదిగినదని అడిగినచో, నాకు తోచిన సమాధానమిది. దీనిని కట్టిన హ్యూగెనోలు కాల్విను అనుయాయులు. విగ్రహము, వర్ణచిత్రము, సిలువ, అలంకారము దేవుని యింట కూడదని నమ్మినవారు. ఆ కాఠిన్యమువలన, ప్రతిమలను నిషేధించు యూదులకు, ముసల్మానులకు గోడలపై చెరపవలసినది మిగులలేదు. కొన్ని యేండ్ల క్రిందట మసీదువారు ప్రక్కనే మీనారును తలపించు 29 మీటర్ల ఉక్కుస్తంభమును నిలిపిరి. రాత్రివేళ అది వెలుగుచుండును. వీథిపేర్లు బంగాళీలో కూడ వ్రాసియున్నవి. అయితే ఇప్పుడు అద్దెలు చవుకగా లేవు. కుట్టుగదులలో కాఫీదుకాణములు, చిత్రశాలలు వెలసినవి, బంగాళీ కుటుంబములు క్రమముగా తూర్పునకు జరుగుచున్నవి.

ఫోర్నియర్ వీథివైపు గోడనెత్తిన, 1743 అను అంకెలతో, మానవజీవితమును నీడతో పోల్చు ఒక లాటిను మాటతో, హ్యూగెనోలు పెట్టిన నీడగడియారము కలదు. మెథడిస్టులును, యూదులును, ముసల్మానులును దాని జోలికి పోలేదు. శుక్రవారము మధ్యాహ్నము నమాజునకు వచ్చినవారు లోపల చోటు చాలక దాని క్రింద బారులుతీరి నిలుచుందురు. లండను ఆకాశము మబ్బుపట్టియుండు దినములలో అది గంట చూపదు గనుక, వేళ ఎంతయ్యెనని ఒకరినొకరు అడుగుకొనుచుందురు.