ఇంకో రెండేళ్లు

2025 మార్చి మొదటి వారంలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు సేక్వాన్ బార్క్లీ కాంట్రాక్టును ఇంకో రెండేళ్లు పొడిగించింది. ఏడాది కిందట రాసుకున్న మూడేళ్ల ఒప్పందంలో రెండేళ్లు మిగిలే ఉన్నాయి. అయినా కొత్త కాగితాల మీద సంతకాలయ్యాయి: 4 కోట్ల 12 లక్షల డాలర్లు, అందులో 3 కోట్ల 60 లక్షలకు గ్యారంటీ. ఏడాదికి సగటున 2 కోట్ల డాలర్లు దాటిన మొట్టమొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. అదే జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కు 2023లోనే ఏడాదికి 5 కోట్లకు పైగా లెక్కన ఒప్పందం కుదిరింది. అలాంటప్పుడు బార్క్లీ సంతకం అంత పెద్ద వార్త ఎందుకయిందంటే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్‌ను వయసు మీద పడుతున్న వేళ కూడా నమ్మడం అరుదు.

ఆ ఆటలో రన్నింగ్ బ్యాక్ పనేమిటో చెప్పాలంటే మన కబడ్డీయే దగ్గర పోలిక. కూతకెళ్లినవాణ్ణి ఏడుగురు చుట్టుముడతారు. బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఇతని మీదికి పదకొండు మంది వస్తారు. కూతకెళ్లినవాడు గీత తాకి వెనక్కి రావచ్చు. ఇతను ముందుకే పోవాలి. దాదాపు ప్రతి పరుగూ ఎవరో ఒకరు పట్టి నేలకు కొట్టడంతోనే ముగుస్తుంది. 2024 సీజన్లో, చివరి నాకౌట్ ఆటలైన ప్లేఆఫ్స్ కాకుండానే బార్క్లీ 345 సార్లు బంతి పట్టుకుని అలా దూసుకెళ్లాడు. అందుకే ఈ ఆటగాడి జీతం బేరంలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఈ మోకాళ్లు ఇంకా ఎన్నేళ్లు నిలుస్తాయి?

ఆ బేరానికి తొలి పెద్ద పేరు రెడ్ గ్రేంజ్. ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ ఊళ్లో వేసవి సెలవుల్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసి ఒళ్లు గట్టిపరుచుకున్న కుర్రాడు. 1925 నవంబరులో కాలేజీ తరఫున ఆఖరి ఆట ఆడి, వారం తిరక్కుండానే షికాగో బేర్స్ జెర్సీ తొడుక్కున్నాడు. బేరం మాట్లాడింది సి.సి. పైల్ అనే సినిమా హాళ్ల యజమాని. అడిగింది టికెట్ల రాబడిలో వాటా. డిసెంబరు 6న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌కు దాదాపు 70 వేల మంది వచ్చారు. అప్పటికి బేర్స్ ఆడే ప్రొఫెషనల్ లీగ్ వయసు ఐదేళ్లు. మరుసటి ఏడాది పైల్ ఏకంగా జట్టులోనే మూడో వంతు వాటా అడిగాడు. బేర్స్ యజమాని జార్జ్ హాలాస్ కుదరదన్నాడు. గ్రేంజ్, పైల్ వెళ్లి వేరే లీగ్ పెట్టారు, అది ఒక్క సీజన్‌కే మూతపడింది. 1927లో గ్రేంజ్ మోకాలు దెబ్బతింది. 1929లో మళ్లీ బేర్స్‌కే వచ్చాడు గానీ, పక్కకు తిరిగి తప్పించుకునే ఆ పాత విద్య మళ్లీ రాలేదు.

తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా యజమాని మాటే నడిచింది. కాంట్రాక్టు ముగిసినా మంచి ఆటగాడికి నచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ దాదాపు లేదు. దాన్ని మార్చిన దావా ఒక రన్నింగ్ బ్యాక్ పేరు మీదే ఉంది. న్యూయార్క్ జెట్స్‌కు ఆడే ఫ్రీమన్ మెక్‌నీల్, ఇంకో ఏడుగురు కలిసి లీగ్ మీద కోర్టుకెళ్లారు. అప్పటి పద్ధతిలో ఒక్కో జట్టు 37 మందిని తనకోసం అట్టేపెట్టుకోవచ్చు. పనికొచ్చేవాళ్లంతా ఆ 37లోనే ఉంటారని వేరే చెప్పాలా? 1992 సెప్టెంబరులో మిన్నియాపోలిస్ ఫెడరల్ కోర్టులో, ఎనిమిది మంది మహిళలున్న జ్యూరీ అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ తర్వాత లీగ్‌కూ ఆటగాళ్లకూ కుదిరిన ఒప్పందంతో 1993 మార్చి నుంచి ఆటగాళ్లు స్వేచ్ఛగా జట్లు మారసాగారు. మెక్‌నీల్ ఆఖరి సీజన్ 1992. పన్నెండేళ్లూ ఒకే జట్టుకు ఆడి, తాను తెరిపించిన తలుపు దాటకుండానే ఆట మానేశాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఆ తలుపుకు అదే ఒప్పందంలో ఒక గొళ్లెం కూడా బిగించారు. దాని పేరు ఫ్రాంచైజీ ట్యాగ్: కాంట్రాక్టు అయిపోయిన ఒక ఆటగాణ్ణి జట్టు ఏడాది జీతం ఇచ్చి ఆపుకోవచ్చు. 1994 నుంచి జట్టు మొత్తం జీతాలకూ పరిమితి వచ్చింది, తొలి ఏడాది 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2011 నుంచి కొత్తవాళ్ల జీతాలకు కూడా గీత గీశారు. ఇక లెక్క చూడండి. 21 ఏళ్లకు వచ్చినవాడికి నాలుగేళ్ల తొలి కాంట్రాక్టు, జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు మొదటి రౌండులో ఎంపికైతే, జట్టు కోరితే అయిదో ఏడు, ఆపైన ట్యాగ్. తన ధర తాను అడిగే రోజు వచ్చేసరికి 27 నిండుతాయి. అప్పుడు జట్టు, నువ్వు అరిగిపోయావు అంటుంది. అరిగింది ఎవరి కోసం ఆడి?

అందుకే గడువుకు ముందే పొడిగింపు కోసం రన్నింగ్ బ్యాక్‌లు అంత పట్టుబడతారు. అదీ ఒక్కోసారి మోసం చేస్తుంది. 2018లో లాస్ ఏంజెలెస్ రామ్స్ టాడ్ గర్లీకి నాలుగేళ్లకు దాదాపు 6 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చింది. మోకాలు సహకరించలేదు. పొడిగించిన ఏళ్లలో తొలి ఆటైనా మొదలవకముందే, 2020 మార్చిలో వదిలేసింది. ఎజీకియల్ ఎలియట్‌కు డాలస్ 2019లో ఆరేళ్లకు 9 కోట్లు రాసి, 2023లో పంపించేసింది. కాగితం మీది మొత్తంలో నిజంగా చేతికొచ్చేది గ్యారంటీ సొమ్మే. మిగతాది జట్టు దయ.

2023లో బార్క్లీ కూడా ఆ గొళ్లెం వెనకే ఉన్నాడు. అప్పటి జట్టు న్యూయార్క్ జెయింట్స్ కోటి డాలర్ల ట్యాగ్ వేసింది, దీర్ఘకాలిక ఒప్పందం కుదరలేదు. మరుసటి మార్చిలో అతను ఫిలడెల్ఫియా వెళ్లిపోయాడు. ఆ నవంబరులో జాక్సన్‌విల్ మీద ఆడుతూ చిన్న పాస్ అందుకున్నాడు. ఒకణ్ణి తప్పించుకుని, గిర్రున తిరిగాడు. వీపు ఇంకొకడి వైపు ఉంది. చూడకుండానే వెనక్కి ఎగిరి, వంగి వస్తున్న అతని తల మీదుగా అవతల కాళ్ల మీద దిగి, మళ్లీ ముందుకు పరుగెత్తాడు. మోకాలి శస్త్రచికిత్స అయిన మనిషి చేసిన పని అది.

సీజన్ ఆఖరి వారానికి అతని లెక్కలో బంతితో పరుగెత్తిన గజాలు 2,005 ఉన్నాయి. ఎరిక్ డికర్సన్ 1984లో నెలకొల్పిన 2,105 గజాల ఒకే సీజన్ రికార్డు దాటడానికి 101 గజాలు చాలు. పైగా ఆఖరి ఆట పాత జట్టు జెయింట్స్‌తోనే. జట్టు ప్లేఆఫ్ స్థానం అప్పటికే ఖాయమైంది కాబట్టి కోచ్ నిక్ సిరియాని అతణ్ణి కూర్చోబెట్టాడు, ఆ కాళ్లు ప్లేఆఫ్స్‌కు కావాలని. బార్క్లీ ఒప్పుకున్నాడు. ఆ ప్లేఆఫ్స్‌లో ఇంకో 499 గజాలు పరుగెత్తాడు. ఫిబ్రవరి 9న, తన 28వ పుట్టినరోజునే, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. నెల తిరక్కుండా పొడిగింపు చేతికొచ్చింది. దాని గడువు తీరే 2028 సీజన్‌కు అతనికి 31 ఏళ్లుంటాయి.