రీలు అయిపోద్ది

మా నాయనమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అది ఓటరు కార్డు మీది. శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1993లో, ఓటర్లకు ఫొటో కార్డులివ్వాలని ఆదేశం వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు మా పల్లెకూ కెమెరా వచ్చింది. బడి గోడకు గుడ్డ కట్టి, వరసగా కూచోబెట్టి తీసుకుపోయారు. నాయనమ్మ కళ్ళు మూసింది. మళ్ళీ తియ్యమని అడిగే ధైర్యం మాకు లేదు, తీసే ఓపిక వాళ్ళకు లేదు. 2006లో ఆమె పోయినప్పుడు ఆ గోరంత బొమ్మనే తిరువూరు స్టూడియోలో పెద్దది చేయించాం. అంతకుముందు మా గోడ మీద ఉన్న ఫొటో అంబేద్కర్‌ది ఒక్కటే.

మన దగ్గర ఫొటోల చరిత్ర చెప్పేవాళ్ళు రాజా దీనదయాళ్‌తో మొదలుపెడతారు. నిజాం కొలువు, నవాబులు, వేటలు, మేడలు. మా మీదికి కెమెరా ఆ దారిలో రాలేదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కులానికో రకంగా తలలూ ముక్కులూ కొలిచి, ఫొటోలతో సహా 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో మాలలున్నారు, మాదిగలున్నారు. మనుషుల పేర్లు మాత్రం వెతుక్కోవాలి. ఆ ఫొటో ఒక్కటైనా తీయించుకున్నవాడి గుడిసెకు చేరిందా?

ఇక రీలు రోజుల్లో మా ఊరి సంగతి. తిరువూరు చుట్టూ మామిడి తోటలు. తోటలు వాళ్ళవి, కాయ కోసేది మేము. ఆసాముల ఇంట్లో పెళ్ళయితే అంట్లు తోమటానికి అమ్మ పోయేది, వెనకే నేను. ఫొటోలు తీసే ఆయన "ఏయ్, అవతలికి జరగండి, రీలు అయిపోద్ది" అని కసిరేవాడు. రీలుకు 36 బొమ్మలు. మేం అడ్డమొస్తే ఒకటి దండగ. రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించాలంటే అమ్మకు వారం కూలి దాటేది. అదీ బొమ్మ ఎట్టా వచ్చిందో తెలియకుండానే పెట్టాలి. సరదాకి ఫొటోలు తీసేది ఎవరయ్యా అంటే, తప్పు చేసినా భరించగలిగినవాడు. పది రీళ్ళు పాడుచేసుకుని పదకొండో రీలుకు నేర్చుకునేవాడు.

పైగా మా రంగొకటి. 2003లో పదో తరగతి గ్రూపు ఫొటోలో వెనక వరసలో మేం నలుగురం. కళ్ళూ పళ్ళూ తప్ప మొహాలు లేవు. అడిగితే, "మీరు నల్లగా ఉంటే నేనేం చేసేది" అన్నాడు తీసినాయన. అది నిజమేననుకున్నాను. చాలా ఏళ్ళకు చదివాను: ప్రింట్లు వేసే ల్యాబులకు కొడాక్ కంపెనీ 1950ల నుంచి షర్లీ కార్డులని నమూనా బొమ్మలు పంపేదట. వాటి మీద తెల్ల అమ్మాయి. ఆమె ఒళ్ళు బాగా కనపడితే రంగులన్నీ సరిపోయినట్టే. ఆ కొలతకు మేం తగ్గాం. థర్‌స్టన్ ముక్కులు కొలిచినట్టే ఇదీ.

డిజిటల్ కెమెరా పుట్టిందీ కొడాక్‌లోనే. 1975లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు చేశాడు. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్టు మీదికి ఎక్కటానికి 23 సెకన్లు. ఫిల్ము అమ్ముకుని బతికే కంపెనీకి అది గొంతులో ముల్లయింది. 2012లో దివాలా పిటిషన్ వేసింది.

నేను బీఎడ్ చదువుతూ 2010లో స్కాలర్‌షిప్ డబ్బుతో ఒక పాత డిజిటల్ కెమెరా కొన్నాను. ఇంట్లో బియ్యానికివ్వాల్సిన డబ్బు. నాయన రెండు రోజులు మాట్లాడలేదు. నాకు కావాల్సింది దాని వెనకున్న చిన్న తెర. అమ్మను గుమ్మంలో కూచోబెట్టాను. వెనక ఎండుంటే మొహం నల్లబడుద్దని, నీడలోకి జరిపి వెలుతురు పెంచే మీట నొక్కితే తేలుద్దని ఒక్క మధ్యాహ్నంలో తెలిసింది. ఎవరూ చెప్పలేదు. తీశాను, చూశాను, చెరిపేశాను, మళ్ళీ తీశాను. అది పలక లాంటిది. అక్షరం తప్పొచ్చినా తుడిచి దిద్దుకోవచ్చు, ఖర్చు లేదు. అమ్మ మాత్రం "చాల్లే, రీలు అయిపోద్ది" అంటూనే ఉంది.

సాయంత్రం కెమెరా చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చూసింది. "ఇందులో ఏడుపు మొహం, తీసెయ్. ఇది ఉండనీ" అంది. ఓటరు కార్డుకు తీసినాయన నాయనమ్మను ఆ మాట అడగలేదు. తన బొమ్మ ఒకటి వద్దనటం మా ఇంట్లో అదే మొదలు.

ఆ తర్వాత పల్లెంతా తీశాను. ఏప్రిల్ 14 ఊరేగింపు, డప్పులు, చర్చిలో క్రిస్మస్, నిచ్చెనల మీద కాయ కోసేవాళ్ళు. నాలుగైదేళ్ళకు పిల్లల చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, నా కెమెరాతో పని లేకపోయింది. స్టూడియో అన్న జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఆయన మీద మాత్రం జాలేసింది, ఆయనదీ రెక్కల కష్టమే.

2014లో నాయన పోయాడు. ఆయనవి మూడొందల పైనే తీశాను. ఒక్కటీ ప్రింటు వేయించలేదు, ఎక్కడికి పోతాయిలే అని. కార్డు చెడిపోయింది. విజయవాడలో షాపులన్నీ తిరిగాను, తెరుచుకోలేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించాం. తల్లీ కొడుకూ ఇద్దరూ గోడ మీద ప్రభుత్వం తీసిన మొహాలతోనే ఉన్నారు.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఫోన్‌లో ఎక్కించటం తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కితేనే హాజరు. ఆ వేసవిలో అమ్మ పనికి పోయింది. ఎండలో వరసగా నిలబెట్టి తీశాక మేటును అడిగిందట, "ఏదీ, ఎట్టా వచ్చానో చూపించు నాయనా" అని. చూసి, "బాలేదురా, ఇది తీసేసి ఇంకోటి తియ్యి" అంది.

"తీసేస్తే నీ కూలి పోద్ది పిన్నీ" అన్నాడు మేటు.