ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్

బ్రిటన్ హాస్యబృందం మాంటీ పైథాన్ తీసిన 'లైఫ్ ఆఫ్ బ్రయన్' (1979) సినిమా చివర వచ్చే ఆంగ్ల హాస్యగీతం. రాసి, బాణీ కట్టి, పాడినవాడు బృంద సభ్యుడు ఎరిక్ ఐడిల్. శిలువలకు వేలాడుతూ చావుకోసం ఎదురుచూసే మనుషులు ఈలలు వేస్తూ పాడతారు. దిగులు పడవద్దని చెబుతూనే, బతుకును అశుద్ధంతో పోల్చే పచ్చి బూతుమాట ఒకటి మధ్యలో వస్తుంది.

యేసు పుట్టిన రోజునే పక్క పశువులపాకలో పుట్టిన బ్రయన్‌ను జనం రక్షకుడని పొరబడటం సినిమా కథ. పాత్రలన్నీ శిలువెక్కాక కథను ఎలా ముగించాలో రచయితలకు తోచలేదు. పాటతో ముగిద్దామన్నది ఐడిల్ ఆలోచన. డిస్నీ కార్టూన్లలోలా హుషారుగా, ఈలతో సాగే పాటను చాలా తక్కువ సమయంలో రాసేశాడు. మొదట పాడింది నచ్చక, చిత్రీకరణ జరుగుతున్న ట్యునీషియాలోనే హోటల్ గది గోడలకు పరుపులు ఆనించి, సినిమాలోని తన పాత్ర యాసలో మళ్లీ పాడి రికార్డు చేశాడు.

అసలు సినిమాయే ఆగిపోవాల్సింది. మతాన్ని ఎగతాళి చేస్తోందన్న భయంతో, డబ్బు పెట్టాల్సిన ఈఎంఐ సంస్థ చివరి ఘడియలో తప్పుకుంది. బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ ఆ సినిమా చూడాలన్న కోరికతో ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చాడు. విడుదలయ్యాక నార్వే కొంతకాలం, ఐర్లండ్ 1987 దాకా దాన్ని నిషేధించాయి. బ్రిటన్‌లో కొన్ని స్థానిక మండళ్లూ అదే పని చేశాయి.

పాటను తెర మీంచి బతుకులోకి దించింది ఫాక్లాండ్స్ యుద్ధం. 1982 మే 4న అర్జెంటీనా క్షిపణి తగిలి బ్రిటన్ యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. షెఫీల్డ్ తగలబడింది. ఇరవైమంది చనిపోయారు. మిగిలిన నావికులు కాలుతున్న నౌక మీద నిలబడి, తమను కాపాడేవాళ్లు వచ్చేదాకా ఈ పాటే పాడారు. అదే నెలలో మునిగిపోయిన హెచ్.ఎం.ఎస్. కోవెంట్రీ నావికులూ పాడుకున్నారు. ఆ బూతుమాట ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది. అంతా బాగానే ఉందని నమ్మబలికే పాటయితే ఆ మంటల ముందు ఎవరి గొంతూ పెగిలేది కాదు. ముందు ఉన్న గతిని ఉన్నట్టు తిట్టి, ఆ తర్వాతే ఊరడిస్తుంది కాబట్టి నోటికొచ్చింది.

బ్రయన్ వేషం వేసిన గ్రాహమ్ చాప్‌మన్ 1989 అక్టోబరు 4న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. బృందం టీవీ కార్యక్రమం మొదలై మర్నాటికి సరిగ్గా ఇరవై ఏళ్లు. వైద్యవిద్యార్థిగా అతను చదువుకున్న లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో ఆ డిసెంబరులో సంస్మరణ సభ జరిగింది. ఐడిల్ ఏడుపు దిగమింగుకుంటూ పాట ఎత్తుకుంటే, సభంతా గొంతు కలిపింది.

ఫుట్‌బాల్ మైదానాల్లో తమ జట్టు ఓడిపోతున్నప్పుడు అభిమానులు పాడటం అప్పటికే మొదలైంది. 1991లో బీబీసీ రేడియో 1 ఉదయపు కార్యక్రమంలో సైమన్ మేయో పదేపదే వినిపించడంతో రికార్డును మళ్లీ విడుదల చేశారు. అక్టోబరులో బ్రిటిష్ పాటల పట్టికలో 3వ స్థానానికి ఎక్కింది. పన్నెండేళ్ల కిందటి సినిమా పాటకు, అందులోనూ బూతు ఉన్న పాటకు, ఇంత ఆదరణ ఎవరూ ఊహించనిది.

తర్వాత ఐడిల్ 'స్పామలాట్' (2005) సంగీత నాటకంలో దీన్ని వాడుకున్నాడు. 2012 ఆగస్టు 12న లండన్ ఒలింపిక్స్ ముగింపు సభలో భాంగ్రా నర్తకుల నడుమ పాడాడు.

2014లో బ్రిటన్ అంత్యక్రియల సంస్థ కో-ఆపరేటివ్ ఫ్యూనరల్‌కేర్ ఒక జాబితా ప్రకటించింది. చనిపోయినవారిని సాగనంపేటప్పుడు వినిపించమని కుటుంబాలు కోరిన పాటల్లో, ఫ్రాంక్ సినాట్రా 'మై వే'ను దాటి, ఇదే మొదటి స్థానంలో నిలిచింది.