చదరంగపు గళ్ళలో తెనుఁగు గణితము

మహావీరాచార్యుఁడు 9వ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పద్యములుగాఁ దెనిఁగించి, శాస్త్రమునకు దేశభాషలో పీఠము వేసిన పావులూరి మల్లన పేరు తలఁచినంతనే, చదరంగపు 64 గళ్ళను గూర్చి ఆయన పేర ప్రసిద్ధికెక్కిన పద్యము స్ఫురించును. తొలి గడిలో ఒకటి యుంచి, గడిగడికిని రెట్టించుచుఁ బోయినచో వచ్చు మొత్తము 18446744073709551615; ఇరువది స్థానముల యీ మహాసంఖ్యను, శరములకు 5, చంద్రునకు 1, వేదములకు 4, ఆకాశమునకు సున్న యను భూతసంఖ్యా సంకేతములతో, ఒకట్ల స్థానము మొదలుకొని కుడి నుండి యెడమకు ఆ పద్యము కూర్చినది. ఒక్క యంకె తప్పినను గణితము చెడును. ఒక్క పదము తప్పినను ఛందము చెడును. కావున ఛందస్సే సంఖ్యకు రక్షయైనది. ఆ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల లబ్ధము. కవితను గణితమునకు నియోగించిన ఆ ప్రజ్ఞ నేఁటి పాఠశాలలలోను బోధింపఁదగినది.