సుంకమా, రెల్లు గడ్డా? భారత చక్కెర పరిశ్రమ ఎదుగుదల

20వ శతాబ్దం తొలినాళ్లలో మనం జావా చక్కెరపై ఆధారపడ్డాం. ఉత్తరాది సన్న చెరకుకు దిగుబడి తక్కువ. లావు చెరకు అక్కడి చలికి తట్టుకోదు. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ లావు చెరకును అడవి రెల్లుతో సంకరపరిచారు. అలా 1918లో కో 205 రకం వచ్చింది.

సంకరణం అంటే రెండు జాతుల లక్షణాల కూడిక మాత్రమే కాదు. రెండు జన్యుసముదాయాలు ఒకే కణంలో చేరితే కొన్ని జన్యువుల వ్యక్తీకరణ పెరుగుతుంది, కొన్నింటిది తగ్గుతుంది. అందుకే సంకర మొక్క తల్లిదండ్రుల సగటులా ఉండాలని లేదు.

1932లో చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ దక్కింది. మెయిన్స్ జవాబుల్లో చాలామంది అక్కడే ఆగిపోతారు. సుంకం మిల్లును కాపాడుతుంది కానీ చెరకును పండించదు. రెల్లు పాత్రనూ రాయండి.